దౌలతు లేని దౌల్తాబాదులో "చింతింపకుడి"

దౌల్తాబాద్ అనగానే చరిత్ర చదువుకున్నవారికి తుగ్లక్ గుర్తుకు వస్తాడు. ఢిల్లీ నుండి రాజధానిని తరలించిన ఆ దేవగిరి దౌల్తాబాదు మహారాష్ట్రలో ఉన్నది. నేను చెప్పబోయేది దానిని గూర్చి కాదు. కొడంగల్‌కు పొరుగున, తాండూరుకు చేరువలో ఉన్న మా దౌల్తాబాదును గూర్చి. దౌలత్ అంటే సంపద, ఆబాద్ అంటే నివాసస్థానం. సంపదకు నిలయం అని పేరు పెట్టుకున్న ఈ ఊరి చుట్టూ ఉన్నది మాత్రం వానను నమ్ముకున్న మెట్ట వ్యవసాయం. కంది, జొన్న, పెసర. అక్కడక్కడ నాపరాయి గనులు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది కాని, ఆ కందిని పండించే రైతు నేటికీ మృగశిర కార్తె నుండి ఆకాశం వంకే చూస్తూ ఉంటాడు.

ఇటువంటి చోట పుట్టి, రేపటిని గూర్చి చింతించవద్దని క్రీస్తు కొండమీద చేసిన బోధను చదివినప్పుడు ఒక ప్రశ్న తప్పక కలుగుతుంది. గాదె నిండినవానికి ఆ మాట చెప్పడం తేలిక. గాదే లేనివానికి చెప్పడం న్యాయమేనా? ఈ ప్రశ్నకు వేదాంత గ్రంథాలలో సమాధానాలు చాలా ఉన్నాయి. ఐతే మన తెలుగు నేల మీదనే, గత రెండు వందల ఏళ్ళలో, ఆ మాటను అక్షరాలా పాటించ ప్రయత్నించినవారు కొందరున్నారు. వారి చరిత్రలో సమాధానం వెదకడం నాకు మరింత ఇష్టం.

ముందుగా మాటను గూర్చి ఒక మాట. తెలుగులో చింత అంటే దిగులు. చింతన అంటే ఆలోచన. విచారం అంటే దుఃఖం. న్యాయస్థానంలో జరిగే విచారణ కూడ అదే ధాతువు నుండి వచ్చింది. ఆలోచనకూ దిగులుకూ మన భాష గోడ కట్టలేదు. అందుచేత తెలుగు బైబిలులో "చింతింపకుడి" అన్న మాట చదివి, అసలు ఆలోచించనే వద్దన్నాడేమో అనుకునేవారున్నారు. దేవుడు చూసుకుంటాడని చేతులు ముడుచుకు కూర్చోవడమే విశ్వాసమని భావించేవారూ ఉన్నారు. ఆకాశ పక్షులు విత్తవు, కోయవు అని క్రీస్తు చూపించిన మాట నిజమే. ఐతే గూట్లో కూర్చున్న పక్షి నోటికి గింజ ఎగిరి రాదు. తెల్లవారకముందే బయలుదేరి పొద్దు గూకేదాకా తిరిగే ప్రాణి అది. పక్షి పని మానలేదు, రేపటి భయాన్ని మాత్రమే మోయడం లేదు.

ఈ బోధను తు.చ. తప్పక పాటించాలని బయలుదేరినవారిలో మన తెలుగు దేశానికి ముఖ్యుడు ఆంథొనీ నారిస్ గ్రోవ్స్. ఇంగ్లండులో దంతవైద్యుడు. ఏటా వెయ్యి పౌండ్లకు మించిన ఆదాయం, మంచి పేరు. 1825లో ఆయన ఒక చిన్న పుస్తకం రాశాడు. భూమి మీద ధనం కూర్చుకోవద్దన్న క్రీస్తు మాటకు ఉపమానార్థాలు తీయనవసరం లేదని, అది ఎలా ఉన్నదో అలాగే ఆచరించాలని దాని సారాంశం. రాసి ఊరుకోలేదు. వృత్తి వదిలి, ఏ సంఘపు జీతమూ లేకుండా 1829లో బాగ్దాదుకు వెళ్ళాడు. 1831లో అక్కడ ప్లేగు, వరద, ముట్టడి ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. భార్య మేరీ ఆ ప్లేగులో మరణించింది. విశ్వాసికి ఆపద రాదని ఆయన పుస్తకం చెప్పలేదు, ఆయన జీవితం అంతకన్నా చెప్పలేదు.

గ్రోవ్స్ చెల్లెలిని పెళ్ళాడినవాడు జార్జ్ ముల్లర్. ఈయన 1830లోనే తన సంఘం ఇచ్చే స్థిరమైన జీతాన్ని వదులుకున్నాడు. 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో అనాథాశ్రమం ప్రారంభించాడు. తన జీవితకాలంలో పదివేల మందికి పైగా అనాథలను పోషించాడు. ఆయన నియమాలు రెండు. ఏ మనిషినీ డబ్బు అడగకూడదు. ఎన్నడూ అప్పు చేయకూడదు. అవసరం వస్తే మోకరించి దేవుణ్ణి అడగడమే. ఇక్కడ మనం గమనించవలసినది మరొకటి ఉన్నది. ఆశ్రమానికి వచ్చిన ప్రతి చిల్లర నాణేనికీ లెక్క రాసి, ఏటేటా నివేదిక అచ్చువేయించేవాడు. రేపటిని గూర్చి దిగులు పడనివాడు నేటి లెక్కను ఇంత జాగ్రత్తగా రాశాడు! విశ్వాసానికీ చిట్టా పుస్తకానికీ వైరం లేదని దీనివల్ల తెలుస్తున్నది.

ముల్లర్ ఆశ్రమం తెరచిన ఆ 1836లోనే గ్రోవ్స్ ఒక చిన్న బృందంతో మద్రాసుకు చేరాడు. అందులో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు, వారి భార్యలు ఉన్నారు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతపు సామాన్య కుటుంబాలవారు. విశ్వవిద్యాలయాలు చూసినవారు కారు, చేతిపనులు చేసి బ్రతికినవారు. ఏ మిషన్ బోర్డూ వారికి జీతం కట్టలేదు. మొదట మచిలీపట్నం చేరి, ఆ తరువాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాలలో స్థిరపడ్డారు. గోదావరి డెల్టా మిషన్ అని చరిత్రలో పేరు పొందినది ఇదే. ఈ నాటికీ ఆ ప్రాంతపు బ్రదరన్ సంఘాలకు మూలం అక్కడే ఉన్నది.

వారు వచ్చిన కాలం ఎటువంటిదో చూడండి. 1832–33లో నందన కరవు వచ్చి కృష్ణా, గుంటూరు సీమలను ఊడ్చివేసింది. డొక్కల కరవని జనం చెప్పుకున్నది దానినే. 1839 నవంబరులో పెను తుపాను కోరంగిని ముంచివేసింది. అటువంటి దేశంలో నెల జీతం లేకుండా, ఎప్పుడు వస్తుందో తెలియని ఉత్తరం కోసం ఎదురు చూస్తూ, పిల్లలను పెంచుకుంటూ బ్రతకడం చిన్న విషయం కాదు. అప్పట్లో ఇంగ్లండు నుండి ఓడ రావడానికి నెలలు పట్టేది. ఐనా రెండు కుటుంబాలూ వెనక్కి పోలేదు. వారి తరువాతి తరం కూడ అక్కడే పని చేసింది.

గ్రోవ్స్ స్వయంగా చిత్తూరులో స్థిరపడ్డాడు. అక్కడ ఆయన మల్బరీ తోట వేసి పట్టుపురుగుల పెంపకం మొదలుపెట్టాడు. సేవకులు తమ చేతులతో సంపాదించుకొని, ఎవరి మీదా భారం కాకుండా బోధించాలని ఆయన ఉద్దేశ్యం. ఆలోచన మంచిదే. కాని పెట్టుబడికి అప్పు తెచ్చాడు. వ్యాపారం దెబ్బతిన్నది. ఆ అప్పు ఏళ్ళ తరబడి ఆయనను వేధించింది. రేపటిని గూర్చి చింతించవద్దని పుస్తకం రాసినవాడే బాకీ తీర్చే దిగులులో మునిగాడు. బావమరిది ముల్లర్ అప్పే వద్దన్న నియమం ఎందుకు పెట్టుకున్నాడో ఇక్కడ అర్థమౌతుంది. అప్పు అంటే రాబోయే రేపటిని ఈనాడే ఖర్చు పెట్టుకోవడం. రేపటిని తాకట్టు పెట్టినవాడు రేపటిని మరచి నిద్రపోలేడు. ఐనా నేను గ్రోవ్స్‌ను తక్కువ చేయను. ఆయన ఓటమిలో మా ప్రాంతపు పత్తి రైతుకు, కంది రైతుకు తెలిసిన కథ ఉన్నది. చివరకు 1853లో బ్రిస్టల్‌లో, ముల్లర్ ఇంట్లో, కన్ను మూశాడు.

గోదావరి కథలో మరొక మనిషిని మరువకూడదు. ఆర్థర్ కాటన్. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంజనీరు అని అందరికీ తెలుసు. ఆయన దృఢమైన దైవభక్తి గల క్రైస్తవుడని కొందరికే తెలుసు. ఆనకట్టకు రాళ్ళు మోసిన వేలాది కూలీల మధ్య గోదావరి బోధకులు తిరిగి బోధించారు. ఒకే నది ఒడ్డున, ఒకే బైబిలు చదివిన ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు జీతం వద్దని దేవుని మీద ఆధారపడ్డారు. మరొకరు దేవుని నమ్మి నదికి అడ్డంగా రాయి వేశారు. కరవును గూర్చి దిగులు పడడం వేరు, కరవు రాకుండా కాలువ తవ్వడం వేరు. మొదటిదానివల్ల ఒక్క గింజ పండదు.

మా మెట్ట సీమకు ధవళేశ్వరం లేదు. 1956 వరకు తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో అవి ఇటు వచ్చాయి. కొడంగల్, దౌల్తాబాద్ వైపు ఊళ్ళు మహబూబ్‌నగర్ జిల్లాలో చేరి, 2016లో వికారాబాద్ జిల్లాకు మారాయి. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు మార్గం పడింది. ఆ వెంటనే 1876–78 నాటి మహా కరవు వచ్చింది. దక్కను, మద్రాసు ప్రాంతాలను పట్టి పీడించిన ఈ కరవులో బ్రిటిషు పాలిత ప్రాంతాలలోనే యాభై లక్షలకు పైగా మరణించారని లెక్క కట్టారు. నిజాం రాజ్యంలో రాయచూరు, లింగసుగూరు, గుల్బర్గా వైపు ఊళ్ళు బాగా దెబ్బతిన్నాయి.

ఈ కరవు తరువాత గుల్బర్గాలో అనాథ పిల్లలకు ఆశ్రమం పెట్టినవాడు చార్లెస్ వార్డ్ అనే అమెరికన్ మెథడిస్టు. ఈయన విలియం టేలర్ బృందంవాడు. 1870లో భారతదేశానికి వచ్చిన టేలర్, విదేశపు బోర్డు పంపే జీతం మీద కాక, స్థానికంగా వచ్చిన దానితోనే సంఘాలు నడవాలని పట్టుబట్టినవాడు. కనుక వార్డ్ కూడ నిర్ణీతమైన జీతం లేకుండా, దేవుడు పంపినదే చాలునని ఆ పిల్లలను సాకాడు. తరువాత ఆయన పని ఇల్లెందు వైపు, ఇంకా ఆవలికి వ్యాపించింది. బ్రిస్టల్‌లో మొదలైన ఆలోచన ఈ విధంగా మా పాత జిల్లా కేంద్రం దాకా వచ్చింది.

అదే కరవులో కోస్తా వైపు, ఒంగోలులో, అమెరికన్ బాప్టిస్టు క్లౌ దొర చేసిన పని మరొక రకం. పూర్వం సర్వే పని చేసిన అనుభవం ఉన్నవాడు కాబట్టి, 1877లో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కంట్రాక్టుకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన మాదిగ కుటుంబాలకు ఆ పనిలో కూలి, కూలితో పాటు గౌరవం దొరికాయి. పై కులాల మేస్త్రీల తిట్లు లేకుండా, తమ బోధకుల కిందనే పని చేశారు. ఆ కరవు కాలంలో వేలాది మంది బాప్తిస్మం ఇమ్మని అడిగినా ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. గింజల కోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని ఆయన పట్టుదల. కరవు తీరి, సహాయపు డబ్బు ఆగిపోయిన తరువాతనే ద్వారం తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను అందరూ చెబుతారు. అంతకు ముందటి ఆ ఏడాది నిరీక్షణను గూర్చి చెప్పేవారు తక్కువ. నా దృష్టిలో అదే గొప్ప విషయం.

ఇంతవరకు దొరల కథ చెప్పాను. చరిత్రలో పేర్లు వారివే మిగిలాయి కనుక తప్పలేదు. ఐతే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన అసలు సంగతి ఇక్కడ మొదలౌతుంది.

బౌడెన్, బీర్, వార్డ్ వంటివారు నెల జీతాన్ని తమంతట తాము వదులుకున్నారు. ఏ పూటకు ఆ పూట దేవుడు ఇచ్చినదే తినాలని ఎంచుకున్నారు. కాని వారి బోధ విన్న మాలపల్లె, మాదిగపల్లె జనానికి అది ఎంచుకున్న జీవితం కాదు. పుట్టుకతోనే వచ్చినది. గాదెలు లేవు, భూములు లేవు. జీతగాడు రోజు చివర కొలిచి ఇచ్చిన జొన్నలు తెచ్చుకొని ఆ రాత్రికి వండుకునేవాడు. అనుదినాహారం కోసం చేసే ప్రార్థన దొర నోట ఆదర్శం, జీతగాని నోట ఉన్నదున్నట్టు చెప్పిన మాట. క్రీస్తు మాటలు మొదట విన్న గలిలయ రైతులు, జాలరులు, పన్నుల కింద నలిగినవారు కూడ ఇటువంటివారే. గాదె లేనివానికి ఈ మాట చెప్పడం న్యాయమా అని మొదట అడిగాను. చరిత్ర చూస్తే ఆ మాట మొట్టమొదట చెప్పబడినదే గాదె లేనివారికి.

మరి వారికి అందులో క్రొత్తగా ఏమి ఉన్నది? వారు వదులుకోవలసినది ఏమున్నది? ఉన్నది. దాని పేరు మేర. పంట నూర్చిన కళ్ళంలో చెప్పులు కుట్టినందుకు, మోట బొక్కెన బాగు చేసినందుకు, జాతరలో డప్పు కొట్టినందుకు, చచ్చిన పశువును ఈడ్చినందుకు మాదిగ కుటుంబానికి కొలిచి ఇచ్చే గింజలు. కొద్దిగానైనా రేపటికి భరోసా అంటూ ఉన్నది ఆ ఒక్కటే. ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవులైనవారు ఆదివారం పని చేయకూడదని, చచ్చిన పశువు మాంసం తినకూడదని, విగ్రహాలను కొలవకూడదని నియమం పెట్టుకున్నారు. చూడడానికి మూడు చిన్న నియమాలు. కాని గ్రామదేవత ముందు డప్పు కొట్టనన్నవానికి కళ్ళంలో మేర ఎవరిస్తారు? ఆదివారం పనికి రానన్న జీతగానికి సోమవారం పని ఎవరు చెబుతారు? ఊరి పెద్దల ఆగ్రహం ఒకవైపు, అమ్మవారు ఆగ్రహిస్తుందేమో, పిల్లలకు మశూచి సోకుతుందేమో అన్న తరతరాల భయం మరొకవైపు.

1866లో బాప్తిస్మం పొందిన తాళ్ళకొండపాడు యర్రగుంట్ల పేరయ్య వంటివారు ఈ నష్టాన్ని తెలిసే స్వీకరించారు. తోళ్ళ వ్యాపారం చేసుకునే మనిషి బోధకుడై ఊరూరా తిరిగాడు. ఆ దారిలో నడిచిన వందల కుటుంబాల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. చింతింపకుడి అన్న మాటకు తెలుగు నేల మీద అత్యధిక మూల్యం చెల్లించినవారు వీరు. గ్రోవ్స్ వెయ్యి పౌండ్లు వదిలాడు, నిజమే. కాని ఆయనకు తిరిగి వెళ్ళడానికి బ్రిస్టల్‌లో ఒక ఇల్లు ఉన్నది. మేర వదిలినవానికి తిరిగి వెళ్ళడానికి ఆ ఊరు తప్ప మరేమీ లేదు. మేర పోతే పోయింది, ఈ గింజల కోసం ఇక తల వంచనక్కరలేదు అని లేచి నిలబడడమే వారికి విశ్వాసం. చింత పోవడం అంటే ముందుగా భయం పోవడం. ఆ భయం పోయిన తరువాతనే బడి, చదువు, వలస, స్వంత చెలక అనే మార్గాలు కనబడ్డాయి.

మా వైపు కూడ ఇదే జరిగింది. వికారాబాదులో మెథడిస్టు మిషన్ బడులు, క్రాఫర్డ్ మెమోరియల్ ఆసుపత్రి వెలిశాయి. మెదకులో వెస్లియన్ మిషనరీ పాస్నెట్ దొర కట్టించిన మహాదేవాలయం 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. కరవు కాలంలో జనానికి పనీ తిండీ చూపించడానికే ఆ కట్టడం మొదలుపెట్టారని ఈ నాటికీ చెప్పుకుంటారు. 1920లలో మొదలైన ధారూరు మెథడిస్టు జాతర ఏటా నవంబరులో జరుగుతుంది. బండ్లు కట్టుకొని, గుడారాలు వేసుకొని, పొయ్యిలు పెట్టుకొని జనం అక్కడ రోజుల తరబడి ఉండేవారు. జాతర అన్న మాటనే ఉంచుకోవడం చూడండి. డప్పు కొట్టి మేర పుచ్చుకున్న జాతర పోయి, తమదైన జాతర వచ్చింది.

మా నాయనమ్మ ప్రతి రాత్రీ వాన కోసం, పిల్లల కోసం ప్రార్థన చేసేది. అదే నాయనమ్మ విత్తనపు కందులకు బూడిద పట్టించి, వేపాకు వేసి, కుండ మూతి మెత్తి అటక మీద పెట్టేది. ఇంట్లో పప్పు లేని రోజున కూడ ఆ కుండ దింపనిచ్చేది కాదు. ఇది చింత కాదా అని చిన్నప్పుడు నేను అడిగితే, విత్తనం మనది కాదు, భూమిది అన్నది. దాచుకోవడానికీ కాపాడడానికీ ఉన్న తేడాను ఇంత తేటగా చెప్పిన వ్యాఖ్యానం నేను మళ్ళీ చదవలేదు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ సంప్రదాయాన్ని హైదరాబాదులో నిలిపినవాడు భక్తసింగ్. 1903లో పంజాబులో పుట్టి, క్రైస్తవుడై, 1941లో మద్రాసులో సహవాసం ప్రారంభించి, 1950లో హైదరాబాదులో హెబ్రోను స్థాపించాడు. జీతం లేదు, చందాల విజ్ఞప్తి లేదు. వార్షిక కూటాలకు వచ్చిన వేలాది మందికి కలిసి భోజనం పెట్టేవారు. 2000 సెప్టెంబరులో ఆయన మరణించాడు. విశ్వాస జీవితం అన్న మాట తెలుగు సంఘాలలో ఇంతగా వాడుకలోకి రావడానికి ఆయన ఒక ముఖ్య కారణం.

ఐతే ఈ సంప్రదాయంలో ఒక నీడ కూడ ఉన్నది. భర్త నిశ్చింతగా బోధకు వెళ్ళిపోతే, బియ్యం డబ్బా అడుగు కనబడేది ఇంట్లో ఉన్న ఇల్లాలికే. ఆయన దించుకున్న చింత చాలాసార్లు ఆమె తల మీదికి ఎక్కింది. చరిత్ర రాసినవారు ఆమె పేరును చాలామటుకు శ్రీమతి ఫలానా అని ముగించారు. మరొక నీడ మన కాలానిది. విశ్వాసం ఉంచితే ధనం వస్తుందని, కానుక వేస్తే పదింతలు తిరిగి వస్తుందని చెప్పేవారు నేడు పల్లెల దాకా వచ్చారు. ధనం కూర్చుకోవద్దన్న మాట మీద మొదలైన దారి ధనం కూర్చుకునే ఉపాయంగా మారడం విచారకరం. కష్టం వచ్చినవానికి నీ విశ్వాసం చాలలేదని చెప్పడం అంతకన్నా క్రూరం. బాగ్దాదు ప్లేగులో భార్యను పోగొట్టుకున్న గ్రోవ్స్‌కు ఆ మాట ఎవరు చెప్పగలరు?

కాబట్టి ఈ రెండు వందల ఏళ్ళ చరిత్ర నుండి నేను గ్రహించినది ఇది. దేవుని మీద ఆధారపడినవారెవరూ చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఒకరు లెక్క రాశారు, ఒకరు ఆనకట్ట కట్టారు, ఒకరు కాలువ తవ్వించారు, ఒకామె విత్తనం కాపాడింది. చింతింపకుడి అన్న మాటను ఇతరుల ఆకలికి సమాధానంగా వాడినప్పుడు అది అన్యాయం. నా స్వంత భయానికి సమాధానంగా వాడుకున్నప్పుడు అది బలం. పొరుగువాని రేపటిని గూర్చి నేను ఆలోచించాలి. నా రేపటిని గూర్చిన దిగులు నన్ను ఎవరికో బానిసను చేయకుండా చూసుకోవాలి. ఈ రెండూ కలిసిన చోట ఆ మాట నిజమైంది.

దౌల్తాబాదులో దౌలతు నాడూ లేదు, నేడూ అంతగా లేదు. కాని కళ్ళం దగ్గర తల వంచకుండా ఖాళీ చేతులతో ఇంటికి నడిచి వచ్చిన మనుషుల మనుమలు, మునిమనుమలు ఇక్కడి పల్లెల్లో ఉన్నారు. వారిలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు, గని కార్మికులున్నారు, కంది రైతులూ ఉన్నారు. వారికి ఆస్తి ఏమి మిగిలిందని అడిగితే, నేను చూపించగలిగినది ఆ నడకనే.